బీరువా పక్కన సర్వర్

పెద్ద టెక్ కంపెనీలను నమ్మలేక ఇంట్లోనే సొంత సర్వర్ నడుపుకునేవాళ్లు కొందరున్నారు. వారి చాదస్తం వెనక దేశం మొత్తం వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది

కూకట్‌పల్లిలోని ఆ ఫ్లాట్‌కు వచ్చే చుట్టాలెవరికీ అది కంటపడదు. పడకగదిలో బీరువాకూ గోడకూ మధ్య జానెడు సందులో, చెక్కపీట మీద, చెప్పుల అట్టపెట్టె కంటే చిన్నదైన ఓ నల్లటి డబ్బా ఉంటుంది. ముందువైపు ఆకుపచ్చ దీపం మిణుకుమంటుంది. ఏదో కార్పొరేట్ ఆఫీసు వాడి వదిలించుకున్న చిన్న కంప్యూటర్ అది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్‌కు దొరికింది. రాత్రి పదకొండు దాటాక ఇంట్లో నలుగురి ఫోన్లలోని ఫొటోలు ఒక్కొక్కటే దాంట్లోకి చేరతాయి. పిల్లల మార్కుల జాబితాలు, స్కాన్ చేసిన ఇంటి కాగితాలు, పాత పాటలు కూడా అక్కడే.

దాని యజమానికి 43 ఏళ్లు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ కంపెనీలో. ఇతర సంస్థల కంప్యూటర్ వ్యవస్థలను పెద్ద కంపెనీల క్లౌడ్‌లోకి తరలించడమే ఆయన పని. పగలంతా ఊరందరినీ క్లౌడెక్కించి, రాత్రి ఇంటికొచ్చి తన సరంజామాను మాత్రం కిందికి దింపుకునే మనిషి. పేరు రాయనంటేనే మాట్లాడతానని షరతు పెట్టడానికి కారణం కూడా అదే.

ఇదంతా ఆయన సరదాకు మొదలుపెట్టలేదు. నాలుగేళ్ల కిందట తండ్రి పోయారు. దినకర్మలు, బ్యాంకు పనులు, పింఛను కాగితాల హడావిడిలో ఆయన ఫోన్‌కు రీచార్జ్ చేయించాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. కొన్నాళ్లకు నంబర్ రద్దయింది. రద్దయిన నంబర్‌ను 90 రోజుల తర్వాత ఇంకొకరికి కేటాయించడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. తండ్రి ఫొటోలన్నీ ఉన్న ఆన్‌లైన్ ఖాతా తెరవాలంటే ఆ నంబర్‌కు వచ్చే ఓటీపీ కావాలి. మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి కంపెనీకి రాశారు. తయారుచేసి పెట్టుకున్న జవాబులే మళ్లీ మళ్లీ వచ్చాయి. మాట్లాడటానికి మనిషంటూ దొరకలేదు. పదకొండేళ్ల ఫొటోలు అలాగే ఉండిపోయాయి. అవి ఉన్నాయని తెలుసు, చూసే దారి లేదు.

ఇలాంటి వాళ్లకు ప్రపంచమంతటా ఓ ఊతపదం ఉంది. క్లౌడ్ అన్నదేమీ లేదు, అది ఇంకొకరి కంప్యూటర్ అంతే, అని. ఆ ఇంకొకరి మీద అపనమ్మకం నుంచే ఈ అభిరుచి పుట్టింది. 2012లో రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్ 35 డాలర్లకే రావడంతో దీనికి ఊపొచ్చింది. సాఫ్ట్‌వేర్‌కు కొదవ లేదు. ఫైళ్లు దాచుకోవడానికి 2016లో జర్మనీలో మొదలైన నెక్స్ట్‌క్లౌడ్, సినిమాలు, పాటల కోసం 2018లో వచ్చిన జెల్లీఫిన్, ఫొటోలకు ఇమ్మిచ్. అన్నీ ఉచితమే, ఎవరైనా లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు. వీటిలో జెల్లీఫిన్ పుట్టుకే ఒక అపనమ్మకం కథ. ఎంబీ అనే ప్రోగ్రామ్ తన కోడ్‌ను మూసేసుకోవడంతో, కినుక వహించిన కొందరు పాత కోడ్ తీసుకుని వేరు కుంపటి పెట్టారు.

ఈ అపనమ్మకం అతిగా లేదూ? కోట్లాది మంది ఏ ఇబ్బందీ లేకుండా వాడుకుంటున్నారు కదా? ఇబ్బంది రానంతవరకు లేనట్టే. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్‌ను మూసేసినప్పుడు మన దేశంలో ఓ తరం కాలేజీ జ్ఞాపకాలకు కాలం చెల్లింది. గూగుల్ ఫొటోస్‌లో పరిమితి లేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ఆగింది. అప్పటికే ఫొటోలన్నీ అక్కడ పోగేసినవాళ్లు డబ్బు కట్టడమా, ఖాళీ చేయడమా అన్న మీమాంసలో పడ్డారు. ఇవి వ్యాపార నిర్ణయాలు. ముందే చెప్పి చేసినవి. చెప్పకుండా జరిగేవి ఇంకా కలవరపెడతాయి.

గుజరాత్‌కు చెందిన ఓ కంప్యూటర్ ఇంజినీర్ తన రెండేళ్ల వయసులో బామ్మ స్నానం చేయిస్తుండగా తీసిన ఫొటోను గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకున్నారు. మన ఇళ్లలో ప్రతి ఆల్బమ్‌లోనూ ఉండే ఫొటోయే అది. 2023లో ఆయన ఖాతా స్తంభించింది. కారణం, పిల్లలపై అకృత్యానికి సంబంధించిన చిత్రం కావచ్చునన్న అనుమానం. ఆ ఖాతాతోనే ముడిపడిన ఆఫీసు మెయిళ్లు కూడా అందకుండా పోయాయి. చివరకు ఆయన గుజరాత్ హైకోర్టును ఆశ్రయించగా, 2024 మార్చిలో కోర్టు కంపెనీకి నోటీసు ఇచ్చింది. అంతకుముందు శాన్‌ఫ్రాన్సిస్కోలో మరో తండ్రికి ఇలాగే జరిగిన వైనాన్ని 2022లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. డాక్టర్‌కు చూపించడానికి కొడుకు ఫొటో తీశారాయన. పోలీసులు విచారించి నేరమేదీ లేదన్నా ఖాతా మాత్రం తిరిగి రాలేదు. పిల్లలను కాపాడటానికి కంపెనీలు నిఘా పెట్టడం తప్పు కాదు. పొరపాటు జరిగినప్పుడు వినే నాథుడు లేకపోవడమే సమస్య.

వ్యక్తుల సంగతి సరే. పెద్ద సంస్థలకైనా భరోసా ఉందా? గుజరాత్‌లోని వాడినార్‌లో ఏటా రెండు కోట్ల టన్నుల చమురును శుద్ధిచేసే నయారా ఎనర్జీకి 2025 జులైలో దీనికి జవాబు దొరికింది. ఆ కంపెనీలో రష్యా సంస్థ రోస్‌నెఫ్ట్‌కు 49.13 శాతం వాటా ఉంది. జులై 18న యూరోపియన్ యూనియన్ దానిపై ఆంక్షలు ప్రకటించింది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ తన సేవలు ఆపేసింది. ఉద్యోగుల ఈ-మెయిళ్లు మూగబోయాయి. ఆంక్షలు యూరప్‌వి, కంపెనీ అమెరికాది, కార్యాలయం ముంబైలోది. భారత చట్టం ప్రకారం నయారా చేసిన నేరమేమీ లేదు. డబ్బు కట్టి లైసెన్సులు తీసుకున్నా తమ సమాచారాన్ని తమకే అందకుండా చేశారంటూ అది ఢిల్లీ హైకోర్టుకెక్కింది. విచారణకు ముందే మైక్రోసాఫ్ట్ సేవలను పునరుద్ధరించడంతో వివాదం సద్దుమణిగింది. కానీ మీట ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలిసిపోయింది.

ఢిల్లీలో ఆ తర్వాత స్వదేశీ నినాదం జోరందుకుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు దాదాపు 12 లక్షల మంది ఈ-మెయిళ్లు చెన్నై కంపెనీ జోహో వేదికపైకి మారిన సంగతి 2025 అక్టోబర్‌లో వార్తలకెక్కింది. మంత్రులు జోహో ఖాతాలు తెరిచి ప్రకటనలు చేశారు. కూకట్‌పల్లి ఇంజినీర్‌కు ఇది సగం సంతోషమే. కనీసం మన కోర్టుల పరిధిలో ఉంటుంది కదా అంటారు. అయితే జోహో కూడా ఇంకొకరి కంప్యూటరేనని వెంటనే గుర్తుచేస్తారు. యజమాని మనవాడైనంత మాత్రాన తాళంచెవి మన చేతికి రాదన్నది ఆయన వాదన. జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం ఇంకో దారి పట్టింది. 2025లో 40 వేలకు పైగా ప్రభుత్వ మెయిల్‌బాక్సులను మైక్రోసాఫ్ట్ నుంచి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు మార్చింది. అందులో ఒక కంపెనీతో పొసగకపోతే అదే సాఫ్ట్‌వేర్‌ను మరొకరిచేత నడిపించుకోవచ్చు.

ఈ ఆలోచన తెలుగువారికి కొత్తేమీ కాదు. 2010లో కొలంబియా యూనివర్సిటీ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఎబెన్ మోగ్లెన్ ప్రతి ఇంటికీ ఓ చిన్న సొంత సర్వర్ ఉండాలని ప్రతిపాదించినప్పుడు ఫ్రీడమ్ బాక్స్ అనే ప్రాజెక్టు పుట్టింది. దాని తయారీలో తెలుగు ప్రోగ్రామర్ల చెయ్యి ఉంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ భాగస్వామిగా ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం కొన్ని గ్రామాల్లో వై-ఫై ఇవ్వడానికి ఆ పెట్టెలను వాడింది.

మరి ఇంటింటా సర్వర్ ఎందుకు వెలగలేదు? మొదటి కారణం చిరునామా. ఇంటర్నెట్‌లో పాత పద్ధతి చిరునామాలు మొత్తం 430 కోట్ల లోపే. అవి చాలక బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి పంచుతాయి. అపార్ట్‌మెంట్ అంతటికీ ఒకే డోర్ నంబర్ ఉండి, ఫ్లాట్ నంబర్లు లేనట్టు. లోపలివాళ్లు బయటికి వెళ్లగలరు గానీ పోస్ట్‌మన్‌కు ఏ తలుపు తట్టాలో తెలియదు. సొంత చిరునామాకు అదనంగా డబ్బు కట్టాలి. లేదంటే వేరే కంపెనీ ద్వారా సొరంగం వేసుకోవాలి. మన ఇంటికి మనం చేరడానికి మళ్లీ ఇంకొకరి సాయమన్నమాట. ఈ-మెయిల్ జోలికి మాత్రం తలపండిన హాబీయిస్టులు కూడా పోరు. ఇంటి సర్వర్ నుంచి వెళ్లిన ఉత్తరాన్ని పెద్ద కంపెనీలు నేరుగా స్పామ్‌లోకో చెత్తబుట్టలోకో తోసేస్తాయి.

రెండోది భద్రత. 2022లో పాస్‌వర్డ్‌లు దాచే లాస్ట్‌పాస్ కంపెనీలోకి దొంగలు జొరబడిన మార్గం చూస్తే ఈ అభిరుచి మీద మోజు కాస్త తగ్గుతుంది. ఆ కంపెనీ ఇంజినీర్ ఒకరు ఇంటి కంప్యూటర్‌లో ప్లెక్స్ అనే మీడియా సర్వర్ నడుపుకునేవారు. దానిలోని లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్ 2020లోనే వచ్చింది. ఆయన వేసుకోలేదు. ఆ రంధ్రంలోంచే కన్నం పడింది. పెద్ద కంపెనీల్లో భద్రతకు వందలమంది పనిచేస్తారు. ఇంటి సర్వర్‌కు సెక్యూరిటీ ఆఫీసర్, కరెంటు మేస్త్రీ, స్వీపర్ అన్నీ ఒక్కరే.

ఆ ఒక్కరు కూడా పొరపాట్లు చేస్తారు. ఓ వేసవి సాయంత్రం కరెంటు పోయి, ఇన్వర్టర్ మొరాయించి, కూకట్‌పల్లి డబ్బాలోని డిస్కు ఒకటి చెడిపోయింది. రెండో నకలు చెల్లెలి ఇంట్లో ఉండబట్టి ఫొటోలు దక్కాయి. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట అన్నది ఈ రంగంలో పాత సూత్రం. పెద్దవాళ్లకూ అదే వర్తిస్తుంది. 2024 మేలో ఆస్ట్రేలియాలో ఆరు లక్షలకు పైగా సభ్యులున్న యూనీసూపర్ పింఛను నిధి ఖాతాను గూగుల్ క్లౌడ్ పొరపాటున తుడిచేసింది. ఇంకో కంపెనీ దగ్గర దాచిన నకలే ఆ నిధిని గట్టెక్కించింది.

డబ్బు మిగులుతుందా అంటే అదీ లేదు. డబ్బా సగటున 15 వాట్లు లాగుతుంది, నెలకు దాదాపు 11 యూనిట్లు. అసలు భారం విడిభాగాలది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నిటినీ ఎగరేసుకుపోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోయాయి. మామూలు జనం కొనుక్కునే క్రూషియల్ బ్రాండ్ మెమరీ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబర్‌లో మైక్రాన్ ప్రకటించింది. అంతకు రెండు నెలల ముందు విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి డేటా సెంటర్‌ను గూగుల్ ప్రకటించింది. గిగావాట్ అంటే వంద కోట్ల వాట్లు. అంత కరెంటుతో ఇలాంటి డబ్బాలు ఆరున్నర కోట్లకు పైగా నడుస్తాయి. పోటీ ఏపాటిదో దీన్నిబట్టే తెలుస్తుంది. గెలవాలన్న భ్రమ ఆయనకూ లేదు. భార్య తన ఫొటోలను గూగుల్‌లో కూడా దాచుకుంటారు. అదీ ఓ నకలేగా అంటూ ఆయన అభ్యంతరం చెప్పరు.

కాబట్టి అందరూ ఇంట్లో సర్వర్ పెట్టుకోవడం పరిష్కారం కాదు. ఎవరి దగ్గర దాచినా, కావాలనుకున్నప్పుడు మన మూట మనం తీసుకుని వెళ్లిపోగలిగే హక్కు కావాలి. యూరప్ 2016లోనే ఆ హక్కును చట్టంలో రాసుకుంది. మన దగ్గర 2019లో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లులో కూడా ఉండేది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో మాత్రం అది మాయమైంది. తమ సమాచారం సారాంశం అడిగే హక్కు మిగిలింది. పదకొండేళ్ల ఫొటోలకు సారాంశమేమిటి?

చట్టంలో ఒక మంచి ఏర్పాటు లేకపోలేదు. మరణానంతరం తన తరఫున ఈ హక్కులను వినియోగించుకునే నామినీని ఎవరైనా నియమించుకోవచ్చు. 2025 నవంబర్‌లో నిబంధనలు నోటిఫై చేసినప్పుడు పౌరుల హక్కుల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. అయితే నామినీ చేతికి కూడా ఆ సారాంశమే వస్తే ప్రయోజనం అంతంతమాత్రం.

నామినీ సమస్య కూకట్‌పల్లి డబ్బాకూ ఉంది. రేపు తనకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు అది మూగ పెట్టే అవుతుంది, నాన్న ఖాతాలాగే. ఆ ఆలోచన వచ్చాక ఆయన ఓ రెండొందల పేజీల నోట్‌బుక్ కొన్నారు. డబ్బాను ఎలా తెరవాలో, ఫొటోలు బయటికి ఎలా తీయాలో తెలుగులో చేత్తో రాశారు. అది బీరువాలో ఎల్ఐసీ బాండ్లకూ ఇంటి దస్తావేజులకూ మధ్య ఉంటుంది. ఓ ఆదివారం ఆయన పక్క వీధిలోని టీకొట్టులో కూర్చుని, నోట్‌బుక్ ఒక్కటే ఆధారంగా ఫొటోలు తీసి చూపమని భార్యనూ తొమ్మిదో తరగతి కూతురునూ పురమాయించారు. మూడు గంటలు పట్టింది. నాలుగో పేజీలో ఒక మెట్టు రాయడం మరిచిపోయారట. కూతురు దాన్ని ఎర్ర ఇంకుతో చేర్చింది.