కాలేజీ కుర్రవాడికి పాత బండి

డిగ్రీలోనో ఇంజనీరింగులోనో చేరిన కుమారుడు "నాన్నా, నాకు బండి కావాలి" అని అడగని ఇల్లు మన పల్లెలలో నేడు అరుదు. కొత్త బండి వెల, కాగితాల ఖర్చుతో కలిపితే, లక్షకు దగ్గరగా ఉన్నది. కౌలు సేద్యము చేసికొనేవారు, చిన్న జీతముల మీద బ్రతికేవారు అప్పు చేయకుండా అంత సొమ్ము తీయలేరు. అందుచేత చాలామంది తలిదండ్రులు పాత బండివైపు చూస్తారు. 2025లో మేమును అదే పని చేశాము. మేము నేర్చుకొన్న సంగతులు మరికొన్ని కుటుంబాలకు పనికివస్తాయని ఇవి వ్రాస్తున్నాము.

మా చిన్నవాడు నరసరావుపేటలో చదువుతున్నాడు. మా ఊరి నుండి కాలేజీకి 18 కిలోమీటర్లు. ఉదయపు బస్సు సమయానికే వస్తుంది గాని, సాయంత్రము ల్యాబు ముగిసేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోతుంది. వారానికి మూడు రోజులు వాడు ఆటోలు మారి, మిగిలిన దారి చీకటిలో నడిచి ఇల్లు చేరేవాడు. అందుకని మిరప అమ్మిన సొమ్ములో 40,000 ప్రక్కన పెట్టాము. బండి వెల ఒక్కటే కాదు, పేరు మార్పిడి, ఇన్సూరెన్సు, హెల్మెట్టు, కొన్న తరువాత తప్పని మరమ్మతులు, అన్నీ ఇందులోనే ఇమడాలని ముందే అనుకొన్నాము. ఉన్న డబ్బంతా అమ్మినవాడి చేతిలో పోసి, టైరుకు మళ్ళీ అప్పుకు పోయినవారిని చూచాము గనుక ఈ లెక్క.

మొదట చూచినది పట్టణములో పాత బండ్లు అమ్మే ఒక దుకాణములో. 150 సీసీ బండి, ఎర్రరంగు, అద్దములా మెరుస్తున్నది. అడిగినది 33,000. మావాడు ఎక్కి కూర్చొని హ్యాండిలు అటూ ఇటూ త్రిప్పాడు, ఇక దిగడు! మీటరు 41,000 కిలోమీటర్లు చూపుతున్నది. అయితే మాతో వచ్చిన మెకానిక్ మీటరు వంక చూడనే లేదు, వంగి కాళ్ళు పెట్టే రబ్బర్లు చూచాడు. అవి గీతలన్నీ అరిగి నున్నగా ఉన్నాయి. బ్రేకు పెడలూ అంతే. సీటు కవరు, చేతి గ్రిప్పులు మాత్రము కొత్తవి. "నలభై వేలు తిరిగిన బండికి పెడలు ఇంత అరగదండీ" అని మెల్లగా చెప్పాడు. కేబులుతో తిరిగే మీటరైతే కేబులు ఊడదీసినంత కాలము అంకె కదలదు. ఐదంకెల మీటరు లక్ష దాటితే మళ్ళీ సున్నాలతో మొదలవుతుంది. అందుచేత అంకెకంటె రబ్బరు నిజము చెబుతుంది. పైగా మేము వెళ్ళేసరికే ఇంజను వేడిగా ఉన్నది. చల్లని ఇంజను ఒక్క కిక్కుకు స్టార్టవుతుందో లేదో చూడనివ్వకుండా ముందే వేడిచేసి ఉంచుతారు కొందరు.

ఇవన్నీ డబ్బుతో బాగుచేయించుకోగలిగినవే. మమ్మును వెనుకకు త్రిప్పినవి కాగితాలు. ఆర్.సి.లో ఉన్న పేరు ఎవరిదో వేరే జిల్లా మనిషిది. ఆయన దగ్గర కొన్నవాడు, వాని దగ్గర కొన్నవాడు ఎవరూ పేరు మార్పించుకోలేదు. ఖాళీ ఫారాల మీద సంతకాలు మాత్రము చేతులు మారుతూ వచ్చాయి. అదిగాక ఫైనాన్సు కంపెనీ పేరు ఆర్.సి.లో ఇంకా అలాగే ఉన్నది. "అవన్నీ మేం చూసుకుంటాం సార్, మీరు డబ్బు కట్టి బండి తీసుకెళ్ళండి" అన్నాడు దుకాణదారు. మేము లేచి వచ్చేశాము. ఇంటికి వచ్చేదాకా మావాడు మాట్లాడలేదు.

వాడికి ఆ రాత్రి కూర్చోబెట్టి చెప్పిన సంగతి ఇక్కడ కొంచెము వివరముగా వ్రాయాలి, ఎందుకంటే మన పల్లెలలో దీనిని ఎవరూ లెక్కచేయరు. చట్టము దృష్టిలో బండి యజమాని అంటే ఆర్.సి.లో పేరున్నవాడే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఒక కేసులో, కారు ఒకరినుండి ఒకరికి కొన్ని చేతులు మారింది. ప్రమాదము జరిగేనాటికి మొదట అమ్మినవాని పేరే రిజిస్టరులో ఉన్నది. బండి ఎప్పుడో ఇచ్చేశానని ఆయన చెప్పినా, నష్టపరిహారము బాధ్యత రిజిస్టరులో పేరున్న వానిదేనని కోర్టు చెప్పింది. మోటారు వాహనాల చట్టము 50వ సెక్షను ప్రకారము, ఒకే రాష్ట్రములో అయితే అమ్మినవాడు 14 రోజులలో, కొన్నవాడు 30 రోజులలో రవాణాశాఖకు తెలియజేయాలి. ఇందుకు 29, 30 నంబర్ల ఫారాలు ఉన్నాయి. అప్పు తీరిన బండికి ఫైనాన్సు కంపెనీ ఇచ్చే ఎన్.ఓ.సి.తోపాటు 35వ ఫారము పెట్టి ఆ పేరు తీయించాలి. అప్పు తీరకుండానే అమ్మితే, బాకీకోసము కంపెనీ మనుషులు కాలేజీ గేటు దగ్గరే బండి పట్టుకొని పోవచ్చు. పల్నాడువారికి ఇంకొక మాట. హద్దు దాటి తెలంగాణ బండ్లు మన సంతలకు తక్కువ ధరకు వస్తుంటాయి. వాటికి అక్కడి ఆఫీసునుండి 28వ ఫారము మీద ఎన్.ఓ.సి. తేవాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్సు కట్టాలి. అవన్నీ కలిపి చూస్తే ఆ చౌక చౌక కాదు. రవాణాశాఖవారి ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్సు ఎంతవరకు ఉన్నదో, బాకీ చలానాలు ఉన్నవో లేవో ఇంటి దగ్గరనుండే చూడవచ్చు. ఇది మాత్రము మావాడే మాకు నేర్పాడు.

రెండవ బండి సంగతి ఒక ఆదివారము ఆరాధన అయ్యాక చెట్టుక్రింద మాటలలో తెలిసింది. ప్రక్క ఊరిలో మాస్టారు ఒకరు కొత్త బండి కొని, 2016లో తీసుకొన్న హీరో స్ప్లెండర్ అమ్మజూస్తున్నారని. మీటరు 78,000. మావాడి ముఖము చిన్నదైంది. "ముసలిబండి నాన్నా, ఫ్రెండ్స్ నవ్వుతారు" అన్నాడు. నవ్వినా నవ్వుతారు, దానికేమి చేస్తాము!

అయితే 78,000 అనగానే భయపడనక్కరలేదు. మాస్టారి బడి 15 కిలోమీటర్లు, రానూపోనూ 30. ఏడాదికి 220 పనిదినాలంటే 6,600, దానికి ఊరి తిరుగుళ్ళు కలపండి. తొమ్మిదేళ్ళకు అంకె సరిగ్గా సరిపోయింది. వేళకు ఆయిలు మార్చిన 100 సీసీ ఇంజను లక్ష దాటి కూడా తిరుగుతుంది. అప్పటికి బలహీనపడినా బోరు చేయించి పిస్టను మార్చుకొంటే మళ్ళీ పనిచేస్తుంది. కార్బురేటరు బండి గనుక మన ఊరి మెకానిక్ విప్పి బాగుచేయగలడు. 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్. 6 నిబంధనతో వచ్చినవి చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షను బండ్లు. వాటిలో కొన్ని లోపాలకు పరికరము తగిలించి చూడవలసి వస్తుంది.

మెకానిక్‌కు 300 ఇచ్చి ప్రొద్దున ఆరుగంటలకే వెంటబెట్టుకొని వెళ్ళాము. చల్లని ఇంజను రెండవ కిక్కుకు అందుకొన్నది. పొగ గొట్టము దగ్గర తెల్లగుడ్డ పట్టి చూచాడు. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు మండుతున్నదని, నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువగా పోతున్నదని గుర్తు. రెండూ లేవు. సెంటర్ స్టాండు వేసి వెనుక చక్రము త్రిప్పాడు, ముందు ఫోర్కులను నొక్కి ఆయిలు కారుతున్నదేమో చూచాడు, హ్యాండిలు క్రింద కొట్టిన ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో అంకె అంకె సరిచూచాడు. నంబరు చుట్టూ వెల్డింగు జాడగాని, రుద్దిన జాడగాని ఉంటే ఎంత తక్కువకైనా కొనకూడదట. తరువాత తానే నాలుగవ గేరులో మూడు కిలోమీటర్లు నడిపి వచ్చి చెప్పాడు: చైనుసెట్టు అరిగింది, వెనుక టైరు మార్చాలి, బ్రేకు షూలు వేయాలి, మిగతాది బాగున్నది. టైరు ప్రక్కన నాలుగంకెలుంటాయి. మొదటి రెండు వారము, తరువాతి రెండు సంవత్సరము. ఆ టైరు 2018లో తయారైనది.

మాస్టారు 36,000 అడిగారు. మెకానిక్ చెప్పిన మరమ్మతులు చెప్పి, "మాస్టారూ, మీరే ఆలోచించండి" అన్నాము. 31,000కు ఒప్పుకొన్నారు. మరమ్మతులకు 4,500, హెల్మెట్టుకు 1,300, ఇన్సూరెన్సుకు 1,200, పేరు మార్పిడికి వేయికి లోపు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న హెల్మెట్టే తీసుకొన్నాము. 2021 జూన్ నుండి ఆ గుర్తు లేనివి అమ్మడమే నేరము, అయినా రోడ్డుప్రక్కన దొరుకుతూనే ఉన్నాయి.

ఆర్.సి. ఎవరి పేర పెట్టాలన్నది ఇంట్లో ఒక పూట చర్చ. తండ్రి పేర ఉంటే భద్రమని మా బంధువులు అన్నారు. కాని ఇన్సూరెన్సుతో వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, లైసెన్సు ఉన్న యజమానికే వర్తిస్తుంది. నడిపేది కుమారుడు, బీమా తండ్రికి! వాడికి 19 నిండాయి, లైసెన్సు ఉన్నది, వాడి పేరనే పెట్టాము. ఇంటర్ చదివే పదహారేళ్ళ పిల్లలకు గేరు బండి ఇచ్చి మురిసిపోయే తండ్రులు 2019 సవరణను గురించి వినాలి. పిల్లవాడు నేరము చేస్తే తండ్రికి లేక సంరక్షకునికి 25,000 జరిమానా, మూడేండ్లవరకు జైలు ఉన్నది. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు చేస్తారు.

ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలూ పట్టే ఏర్పాటు చిన్న బండ్లకు 2019 ఏప్రిల్ నుండి తప్పనిసరి అయింది. ఈ బండికి అది లేదు. కాబట్టి మొదటి వారము మేమిద్దరము కళ్ళము దగ్గర నిలబడి, ముందు వెనుక బ్రేకులు కలిపి పట్టడము వాడిచేత చేయించాము. తల్లి కళ్ళము గట్టుమీద కూర్చొని లెక్కపెట్టింది, ఇరవై సార్లు!

ఇప్పుడు ఇంట్లో పాత మోపెడు అక్కరలేక మా దూరపు చుట్టానికి ఇచ్చాము. "బాబాయ్, మనోళ్ళమే గదా, కాగితాలెందుకు?" అన్నాడు. కాగితాలు అయ్యేదాకా తాళము మా దూలానికే వ్రేలాడుతుందని చెప్పాము. మంగళవారము ఇద్దరమూ కలిసి ఆఫీసుకు వెళ్ళివచ్చాము.