పాత బండి స్పీడోమీటర్ ఆగిపోయిందా? కొత్త మీటర్ కొనే ముందు ఇవి చూసుకోండి

మన ఇళ్లల్లో ఒక బండి ఒక్కరితో అయిపోదు. అబ్బా పదేళ్లు నడిపిన బండి మీద పెద్దోడు కాలేజీకి వెళ్తాడు, తర్వాత అది చిన్నోడి చేతికి వస్తుంది. ఇంజన్ బాగానే ఉంటుంది గానీ స్పీడోమీటర్ ముల్లు ఎప్పుడో సున్నా దగ్గర కూర్చుండిపోయి ఉంటుంది. గ్యారేజీకి తీసుకెళ్తే కొందరు ఉస్తాద్‌లు చూడకుండానే "మీటర్ పోయింది, కొత్తది వేయాలి" అనేస్తారు. నిజానికి చాలా బండ్లలో పోయేది మీటర్ కాదు, దాని కేబుల్. కేబుల్ ధర ఎంత, మొత్తం మీటర్ ధర ఎంత అని ఏ స్పేర్ పార్ట్స్ షాపులో అడిగినా తేడా తెలుస్తుంది.

అసలు అది ఎలా పని చేస్తుందో కొంచెం తెలుసుకుంటే లోపం పట్టుకోవడం సులువు. పాత స్ప్లెండర్, బజాజ్ చేతక్ లాంటి బండ్లలో ముందు చక్రం హబ్ దగ్గర చిన్న పళ్ల చక్రం ఉంటుంది. చక్రం తిరిగితే అది తిరిగి, నల్లటి తొడుగు లోపలున్న తీగను తిప్పుతుంది. ఆ తీగ పైన మీటర్‌లో ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని పక్కనే అల్యూమినియం గిన్నె, గిన్నెకు ముల్లు, ముల్లును వెనక్కి లాగే సన్నటి స్ప్రింగ్. అయస్కాంతం గిన్నెను ముట్టుకోదు, తిరుగుతూ దాన్ని తనతో లాగుతుందంతే. వేగం పెరిగితే లాగుడు పెరుగుతుంది, ముల్లు పైకి వెళ్తుంది. 1902లో జర్మనీలో ఒట్టో షుల్జ్ పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. కిలోమీటర్ల అంకెలు మాత్రం వేరు, అవి అదే తీగతో నేరుగా పళ్ల చక్రాల మీద తిరుగుతాయి.

ఈ రెండూ వేరువేరు అన్నదే అసలు కీలకం. ఓ రెండు కిలోమీటర్లు నడిపి చూడండి. ముల్లు కదలక, అంకెలు తిరుగుతుంటే కేబుల్ బాగున్నట్టే, లోపం మీటర్ లోపల ఉంది. ముల్లు కదులుతూ అంకెలు ఆగిపోతే మీటర్‌లో ప్లాస్టిక్ పళ్లు విరిగాయి. రెండూ ఆగిపోతే మీటర్‌ను తిట్టకండి, ముందు కింద నుంచి వెతకండి.

వెతకడం ఇంట్లోనే అవుతుంది. బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి, మీటర్ వెనక కేబుల్ బిగించిన నట్టు విప్పండి. ఒకరు వెనక భాగం కిందికి నొక్కి ముందు చక్రాన్ని గాల్లోకి లేపితే, ఇంకొకరు దాన్ని చేత్తో ముందుకు తిప్పాలి. కేబుల్ కొసన తీగ తిరుగుతోందా? తిరిగితే కింద అంతా సరిగ్గా ఉంది, తప్పు మీటర్‌దే. తిరగకపోతే తీగను బయటికి లాగండి. సగమే వస్తే తెగిపోయినట్టు. పూర్తిగా వస్తే రెండు కొసలూ చూడండి. చదరంగా ఉండాల్సిన కొస అరిగి గుండ్రంగా అయితే అది మీటర్‌లో పట్టు దొరక్క ఊరికే జారుతుంది.

తీగ బాగుండి కూడా తిరగకపోతే అనుమానం హబ్ మీదికి వెళ్తుంది. ఒక ప్రశ్న వేసుకోండి: ఈమధ్య ముందు చక్రం పంక్చర్ వేయించారా? చక్రం తిరిగి బిగించేటప్పుడు మీటర్ డ్రైవ్‌కున్న చెవులు హబ్ గాడిలో కూర్చోకపోతే, నట్టు బిగించగానే వంగిపోతాయి, లేదా విరిగిపోతాయి. "నిన్నటిదాకా బాగానే ఉంది" అనే బండ్లలో ఇది మామూలే.

ముల్లు 20కీ 50కీ మధ్య వణుకుతుంటే తీగ ఎండిపోయింది, లేదా కేబుల్ ఎక్కడో గట్టిగా మడత పడింది. తీగకు పల్చగా గ్రీజు రాయండి. పై కొస దగ్గర నాలుగు వేళ్ల పొడుగు మాత్రం పొడిగా వదలండి, లేకుంటే గ్రీజు మీటర్‌లోకి పాకి గిన్నెను పట్టేస్తుంది. ముల్లు ఒక్కసారిగా చివరి అంకెకు వెళ్లి నిలబడితే కారణం చాలావరకు ఇలాంటిదే.

ముల్లు కదులుతోంది గానీ నిజం చెబుతోందా? వెనక కూర్చున్నవారిని ఫోన్‌లో జీపీఎస్ వేగం చూడమనండి. నడిపేవారు ఫోన్ ముట్టుకోవద్దు. ఫోన్ లేకపోయినా లెక్కుంది: నిలకడగా 40లో పోతే ఒక కిలోమీటర్ రాయి నుంచి ఇంకో రాయికి సరిగ్గా 90 సెకన్లు. మీటర్ 60, ఫోన్ 56 చూపితే కంగారు పడొద్దు. మీటర్ కొంచెం ఎక్కువ చూపవచ్చు, అసలు వేగం కన్నా తక్కువ మాత్రం చూపకూడదని ఐక్యరాజ్య సమితి వాహన నిబంధన 39 చెబుతుంది. తక్కువ చూపే మీటర్ ఆగిపోయిన మీటర్ కన్నా ప్రమాదం, నమ్మి వేగం పెంచేస్తాం. ముందు టైరు పెద్ద సైజుది వేస్తే ఇలాగే జరుగుతుంది. వెనక టైరు మార్చితే ఈ బండ్లలో మీటర్‌కు తేడా రాదు, ఎందుకంటే కేబుల్ ముందు చక్రానిది.

పాత మారుతి 800, అంబాసిడర్ లాంటి కార్లలో కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది, పరీక్ష మాత్రం ఇదే తీరు. తర్వాతి కార్లలో కేబుల్ బదులు సెన్సార్, వైర్లు. అక్కడ ముందు ఫ్యూజు, సెన్సార్ ప్లగ్‌లో తుప్పు చూడమని చెప్పండి.

స్పీడోమీటర్ ఉండి తీరాలని కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989లో 117వ నియమం చెబుతుంది. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసి, ఇంకో 5 ఏళ్లకు పొడిగించుకోవాలంటే ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది, అందులో మీటర్ కూడా చూస్తారు. కెమెరా చలాన్ వచ్చినప్పుడు "ముల్లు పని చేయలేదు భాయ్" అంటే ఎవరూ వినరు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకు నా కామర్స్ లెక్క ఒకటి. రోజుకు 15 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు అనుకుంటే 12 ఏళ్లకు 54,000 అవుతుంది. మీటర్ ఆగిపోయి 19,000 దగ్గర ఉంటే అది ఆ బండి తిరిగిన దూరం కాదు, మీటర్ చచ్చిన రోజు అంకె. ఫుట్‌రెస్ట్ రబ్బరు, బ్రేక్ పెడల్ అరుగుదల చూసి, సర్వీస్ బుక్ అడిగి, ధర మాట్లాడండి. మీ బండికే కొత్త మీటర్ వేయిస్తే అది సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి పాత అంకెను, మార్చిన తేదీని బిల్లు మీదే రాయించుకోండి. ఆయిల్ మార్పు లెక్కకూ, రేపు అమ్మేటప్పుడు కొనేవాడికి చూపించడానికీ అదే పనికొస్తుంది.