కుంచంలో పట్టని చదువు

ఎంసెట్ ఫలితాలు వచ్చిన సాయంత్రం టీవీ పెట్టిన ఏ తెలుగు ఇంటికైనా ఆ గొంతు గుర్తుండే ఉంటుంది. ఒకటి, రెండు, మూడు, ఐదు, తొమ్మిది అంటూ ఊపిరి తిప్పుకోకుండా ర్యాంకులు చదివేస్తుంది. తెర నిండా తపాలా బిళ్లలంత ఫొటోలు. మర్నాటికి అవే మొహాలు కూడళ్లలో ఫ్లెక్సీల మీదికెక్కుతాయి. ఏ పాఠం ఎలా చెప్పారో ఆ ప్రకటనలో ఎక్కడా ఉండదు. అడిగేవారూ లేరు.

నిజానికి వృత్తి విద్యా కోర్సుల కోసం పెట్టిన ఈ ఉమ్మడి ప్రవేశ పరీక్ష వల్ల మేలు జరగలేదనలేం. డబ్బు సంచులతో సీట్లు కొనే రోజుల్లో, 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. 1986లో ఎంసెట్ మొదలైంది. ధాన్యం కొలిచే కుంచం అందరికీ ఒకటే అయితే కళ్లంలో తగవుండదు. మోతుబరి కొడుక్కీ కూలి బిడ్డకూ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చిన ఎంసెట్ అలాంటి కుంచమే. సిఫార్సు ఉత్తరాలు అక్కడ చెల్లలేదు.

చిక్కల్లా ఆ కుంచం కొలతలకు తగ్గట్టు పంటనే మార్చుకోవడంతో వచ్చింది.

ఇంజినీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు 67 సెకన్లు దాటితే వెనకబడ్డట్టే. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు కాబట్టి తెలియనివాటికీ ఏదో ఒక జవాబు ఎంచి రావాలి. ఈ లెక్కలో సూత్రం ఎలా పుట్టిందో చెప్పే మాస్టారి కన్నా, నాలుగు జవాబుల్లో రెండింటిని చూపుతోనే కొట్టేయడం నేర్పే మాస్టారికి గిరాకీ ఎక్కువ. కోచింగ్ మోజు ఎంసెట్‌తోనే ఆగలేదు. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య ఐఐటీ శిక్షణ ఎంత పేరు తెచ్చుకుందంటే, అక్కడ చేరడానికే ప్రవేశ పరీక్ష ఉండేది. ఆ పరీక్ష గట్టెక్కించడానికి వేరే కోచింగులు వెలిశాయి.

పరీక్ష అడగనివి ఒక్కొక్కటిగా కాలేజీ గేటు దాటిపోయాయి. ముందు ఆటస్థలం పోయింది. తర్వాత ప్రయోగశాల. ఇంటర్ పరీక్షల్లో భౌతిక, రసాయన శాస్త్రాల ప్రాక్టికల్స్‌కు చెరో 30 మార్కులు. ఏ కాలేజీ పిల్లలకు ఆ కాలేజీలోనే పరీక్ష జరిగినన్నాళ్లూ బ్యూరెట్ సరిగ్గా పట్టుకోవడం రానివారికీ ముప్పైకి ముప్పై పడ్డాయన్న ఆరోపణలు ఆగలేదు. పిల్లల్ని వేరే కాలేజీకి పంపి పరీక్షించే జంబ్లింగ్ పద్ధతిని ఆంధ్రప్రదేశ్ తెచ్చింది అందుకే.

ఇక తెలుగు సంగతి. ఎంపీసీ విద్యార్థికి రెండేళ్లకు కలిపి వెయ్యి మార్కులుంటే, అందులో ద్వితీయ భాషకు 200. బడిలో సంస్కృతం అక్షరం చదవనివారు సైతం ఇంటర్లో సంస్కృతమే తీసుకున్నారు. జవాబుల్లో చాలా భాగం ఇంగ్లిషులోనో తెలుగులోనో రాసే వీలు, పైగా చేతికి ఎముక లేనట్టు వేసే మార్కులు. అలా రెండు భాషలకూ అన్యాయమే జరిగింది. తెలంగాణ 2018లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చినా అది పదో తరగతి దగ్గరే ఆగింది.

కొలత మారిస్తే పోటీ తగ్గుతుందేమోనన్న ఆశతో 2012లో పదో తరగతికి మార్కుల బదులు గ్రేడ్లు పెట్టారు. ప్రకటనలేమీ తగ్గలేదు. పదికి పది తెచ్చుకున్నవారిని లెక్కపెట్టి అవే ఫ్లెక్సీలు కట్టారు. ఆంధ్రప్రదేశ్ 2022లో, తెలంగాణ 2025లో తిరిగి మార్కులకే వచ్చాయి. పదహారేళ్లలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. అప్పటికే ఆరో తరగతి నుంచి ‘ఫౌండేషన్’ పేరుతో కోచింగే బడి బోర్డు తగిలించుకుని కూర్చుంది.

ఇంతా చేసి ఆ కొలతైనా గట్టిదా? వైద్య కోర్సుల ప్రవేశ పరీక్ష నీట్‌లో 2024లో మొదట 67 మందికి 720కి 720 వచ్చాయి. గ్రేస్ మార్కులు రద్దయి, ఒక భౌతికశాస్త్ర ప్రశ్నకు సరైన జవాబేదో తేలాక ఆ సంఖ్య 17కు దిగింది. ఆ ఒక్క ప్రశ్నతో లక్షల మంది ర్యాంకులు తారుమారయ్యాయి.

అందుకు భిన్నమైన దారీ తెలుగు నేల మీదే ఉంది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ట్రిపుల్ ఐటీలు సాధారణంగా ప్రవేశ పరీక్ష పెట్టకుండా పదో తరగతి ఫలితాలతోనే పిల్లల్ని తీసుకున్నాయి. గ్రేడ్లు వచ్చాక, ప్రభుత్వ బడుల్లో చదివినవారి గ్రేడు పాయింట్లకు 0.4 కలిపాయి. కోచింగ్ మొహం చూడని పల్లె పిల్లలు ఆరేళ్ల ఇంజినీరింగ్ చదువులోకి నేరుగా అడుగుపెట్టారు.

మిగతా చోట్ల మార్కులను బట్టి బ్యాచ్‌లు, వారం వారం పరీక్షలు, కింది సెక్షన్‌కు దింపేయడాలు. విశాఖపట్నంలో నీట్ శిక్షణలో ఉన్న 17 ఏళ్ల విద్యార్థిని మరణంపై 2025 జులైలో సుప్రీంకోర్టు ఈ పద్ధతినే వేలెత్తి చూపింది. మార్కులను బట్టి పిల్లల్ని విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంతవరకూ మానాలంది. వందమంది, ఆపైన చదివే ప్రతి సంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలంది.

ఔటింగ్ ఆదివారం హాస్టల్ గేటు ముందు వేపచెట్టు నీడలో తల్లిదండ్రులు దుప్పట్లు పరుచుకుని కూర్చుంటారు. పులిహోర, కోడికూర, సున్నుండలు. పిల్లవాడు మెట్లు దిగి వస్తుంటే అమ్మ టిఫిన్ క్యారియర్ విప్పుతుంది. నాన్న మాత్రం వీకెండ్ టెస్టు మెసేజ్ వచ్చిన ఫోన్ వంక చూస్తూ అడుగుతాడు, ‘‘ఈ వారం ఫిజిక్స్‌లో ఏమైందిరా?’’