పైడికంటె వలస పోతుందా?

మిరప కోతలొస్తే ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల జనం గుంటూరు వైపు వలస పోతారు. మరి చింతచెట్టు తొర్రలోని పైడికంటె? పోదు. జానెడుండే ఈ చిన్న గుడ్లగూబ ఏడాదంతా ఉన్నచోటే ఉంటుంది.

వలస పక్షులైతే కాలికి నంబరున్న రింగు తొడిగో, రేడియో పరికరం కట్టో జాడ తీస్తారు. దీనికంత హంగామా ఎందుకు? చెట్టు కింద చూడండి. తెల్లటి రెట్టల మధ్య బూడిదరంగు ఉండలుంటాయి. అరగని ఎముకలు, వెంట్రుకలు, పురుగుల పెంకులు కడుపులో ఉండకట్టి నోట్లోంచే బయటికొస్తాయి. ఉండను నీళ్లలో నానబెట్టి పుల్లతో విప్పితే చిట్టెలుక దవడ దొరకొచ్చు. రాత్రి భోజనం చిట్టా అదే!

మిమ్మల్ని చూసి తల పైకీ కిందికీ ఆడిస్తుందా? భయం కాదు. దాని కనుగుడ్లు తిరగవు. తల కదిపి దూరం అంచనా వేస్తుంది.

ఉండలు ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోండి. తొర్రలోకి టార్చి మాత్రం వేయకండి.