ఒంటి రెక్క పన్ను

"క్రికెట్ బంతి తగిలి పైవరుసలో ముందు పన్ను పక్కది ఒకటి ఊడిపోయింది. బ్రిడ్జి పెట్టాలంటే అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్ళనూ అరగదీయాలంటున్నారు. పోయింది ఒకటైతే శిక్ష రెండింటికా అండీ?" ఖోర్ ఫక్కాన్ రేవులో పనిచేసే ఒక కోనసీమ పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. ఈ నెల వేరే విషయం రాద్దామనుకున్నాను. ఈ ప్రశ్న చదివాక అది పక్కకు పోయింది.

ఖోర్ ఫక్కాన్ షార్జా ఎమిరేట్‌కు చెందినదే, కానీ షార్జా పక్కన ఉండదు. హజర్ కొండలకు అవతల, ఒమన్ గల్ఫ్ ఒడ్డున, ఫుజైరా నేల మధ్యలో ఉంటుంది. హోర్ముజ్ జలసంధిలోకి దూరకుండానే కంటైనర్ ఓడలు సరుకు దింపుకునే చోటు. పళ్ళు పోవడం ఆ ప్రాంతానికి కొత్త కాదు. గల్ఫ్ పాత సమాధుల్లోని దవడలను పరిశీలించిన జూడిత్ లిటిల్టన్, బ్రూనో ఫ్రోలిక్ 1993లో ఒక తేడా చూపించారు: చేపల మీద బతికినవాళ్ళ పళ్ళు అరిగిపోయాయి, ఒయాసిస్‌లలో ఖర్జూరం తిన్నవాళ్ళ పళ్ళు పుచ్చి, బతికుండగానే రాలిపోయాయి. పొరుగున ఒమన్‌లోని సమద్ ఒయాసిస్ ఎముకల్లోనూ 1999లో ఇదే కథ బయటపడింది. అంటే పిప్పి పళ్ళకు పెప్సీ ఒక్కటే కారణం కాదన్నమాట. అది సరే, మన పాఠకుడిది బంతి దెబ్బ.

మామూలు బ్రిడ్జి సంగతి త్వరగా ముగిద్దాం. ఖాళీకి రెండు పక్కలా ఉన్న పళ్ళను చుట్టూ అరగదీస్తారు. వాటి మీద క్యాపులు తొడుగుతారు. ఆ రెండు క్యాపులకూ నడుమ కట్టుడు పన్ను అంటుకుని ఉంటుంది. మూడూ కలిసి ఒకే ముక్క, సిమెంటుతో అతికిస్తారు. గట్టిగానే నిలుస్తుంది. చిక్కంతా అరగదీతలోనే. 2002లో ఎడెల్‌హోఫ్, సోరెన్సెన్ అనే పరిశోధకులు నమూనా ముందు పళ్ళను రకరకాలుగా చెక్కి తూచారు. పూర్తి క్యాపు కోసం చెక్కితే, చిగురు బయట కనిపించే భాగంలో 63 నుంచి 72 శాతం పోయింది. నలుచదరంగా ఉన్న పన్ను సన్నటి మేకులా మిగులుతుంది. హాంకాంగ్‌లో 2005లో వెలువడిన ఒక అధ్యయనం ఇంకో లెక్క చెప్పింది: బ్రిడ్జి మోసే పళ్ళలో క్యాపు వేసిననాడు బతికే ఉన్న నరం, పదేళ్ళు తిరిగేసరికి సుమారు పదింట మూడింటిలో చచ్చిపోయింది. శిక్ష అన్న మాటలో అతిశయోక్తి లేదు.

పాతకాలం వాళ్ళు ఈ అరగదీత జోలికి పోలేదు. ఇప్పటి ఇటలీలో క్రీస్తుకు ఏడు వందల ఏళ్ళ ముందు నుంచే ఎట్రస్కన్లు మెత్తటి బంగారు పట్టీని పళ్ళ చుట్టూ తిప్పి, నడుమ కట్టుడు పన్ను బిగించేవారు. కదిలే పళ్ళకు ఇది చికిత్స అని, నమలడానికి పనికొచ్చిందని దంతవైద్య చరిత్రకారులు చాలాకాలం మురిసిపోయారు. మార్షల్ బెకర్ అనే పురావస్తు పరిశోధకుడు ఆ దవడలను ఒక్కొక్కటిగా చూసి ఆ మురిపెం తీసేశాడు. పెట్టుకున్నవాళ్ళు ఆడవాళ్ళు, కొందరిలో మంచి పన్నునే కావాలని పీకించి పట్టీ వేయించుకున్నట్టుంది. అంటే అది నగ! చికిత్స అనుకున్నవాళ్ళది తొందరపాటే. అయినా పక్క పళ్ళను ముట్టుకోకుండా పన్ను నిలపాలన్న ఆలోచన ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆధునికులు పక్క పళ్ళు రెండూ కావలసిందేనని ఎందుకు పట్టుబట్టారు? 1926లో ఇర్విన్ ఆంటే ఒక సూత్రం చెప్పాడు. బ్రిడ్జిని మోసే పళ్ళ వేర్ల విస్తీర్ణం, పోయిన పళ్ళ వేర్ల విస్తీర్ణానికి సమానంగానైనా, ఎక్కువగానైనా ఉండాలి. వినడానికి ఎంత సబబుగా ఉందో! దాన్ని దంతవైద్యులు "ఆంటే చట్టం" అన్నారు. పరీక్షల్లో అడిగారు, తరతరాలుగా బట్టీ పట్టారు. వెనక ప్రయోగమంటూ ఏమీ లేదు. 1982లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో స్టురే నీమన్, ఇంగ్వార్ ఎరిక్సన్ చిగుళ్ళ జబ్బుతో ఎముక బాగా కరిగిపోయిన రోగుల బ్రిడ్జిలను లెక్కగట్టారు. సగానికి పైగా బ్రిడ్జిల్లో, చట్టం అడిగిన ఆధారంలో సగం కూడా లేదు. అయినా అవి ఎనిమిది నుంచి పదకొండేళ్ళు నిలిచి ఉన్నాయి. చిగుళ్ళు శుభ్రంగా ఉంచడమే వాటి రహస్యం.

తమాషా ఏమిటంటే, ఆ చట్టం ప్రకారం చూసినా మన పాఠకుడికి రెండు పళ్ళు అక్కర్లేదు. 1963లో జెప్సెన్ వేర్లను కొలిచి పట్టిక వేశాడు. పైవరుసలో ముందు పన్ను పక్కదాని వేరు 179 చదరపు మిల్లీమీటర్లు, నడిమి ముందు పన్నుది 204, కోరపన్నుది 273. పోయినది 179. అటుపక్కదైనా, ఇటుపక్కదైనా ఒక్కటే చాలు!

అసలు కథ ఇక్కడి నుంచి. పన్ను ఎముకలోకి దిగేసిన మేకు అని మనలో చాలామంది అనుకుంటాం. వేరుకూ ఎముకకూ మధ్య నిజానికి సుమారు 0.2 మిల్లీమీటర్ల సందు ఉంది. ఆ సందు నిండా పోగులు. ఒక కొస వేరు పైపొరలో, ఇంకో కొస ఎముకలో పాతుకుని ఉంటాయి. ఆ పాతుకున్న కొసలకు స్కాట్లాండ్ శరీరశాస్త్రవేత్త విలియం షార్పీ పేరు పెట్టారు. మొత్తం అల్లికను పీరియడాంటల్ లిగమెంట్ అంటారు. పోగుల నడుమ రక్తనాళాలు, ద్రవం, నరాల కొసలు. కొరికినప్పుడు ద్రవం పక్కకు జరుగుతుంది, పోగులు బిగుసుకుంటాయి, పన్ను కిందికి దిగుతుంది. వదిలితే మళ్ళీ లేస్తుంది. నిలువుగా దిగేది సుమారు 28 మైక్రాన్లు; పెదవి నుంచి నాలుక దిశలో ఊగేది 56 నుంచి 108 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అన్నంలో ఇసుక రేణువు తగలగానే దవడ టక్కున ఆగిపోతుంది చూశారా, ఆ కబురు మోసేది ఈ నరాల కొసలే.

పళ్ళన్నీ ఒకే దిక్కుకు ఊగవు, అందులోనే ఉంది కిటుకు. నడిమి ముందు పన్ను పెదవి వైపుకు ఊగుతుంది. కోరపన్ను పళ్ళ వరుస మలుపు తిరిగే మూలలో ఉంటుంది కనక ఐమూలగా బయటికి ఊగుతుంది. దవడ ముందుకు జరిపి జామకాయ కొరికితే భారం మొదటిదాని మీద, పక్కకు జరిపి నమిలితే చాలామందిలో కోరపన్ను మీద. అవి రెండూ ఒకేసారి, ఒకే వైపు, ఒకే పాటి కదలడం అరుదు. ఈ రెండింటినీ బిగుసుకుపోయిన ఒకే ముక్కతో కలిపేస్తే ఏమవుతుంది?

దీనికి జవాబు జిగురు వచ్చాక గానీ తేలలేదు. 1955లో అమెరికాలోని రోచెస్టర్‌లో మైకేల్ బువొనోకోర్, లోహానికి రంగు పట్టాలని కార్ఖానాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారన్న సంగతి గమనించి, అదే ఆమ్లాన్ని 85 శాతం గాఢతతో 30 సెకన్లు పంటి ఎనామెల్ మీద ఉంచాడు. ఎనామెల్ గరుకెక్కింది, ప్లాస్టిక్ పట్టుకుంది. 1973లో ఫ్రాన్స్‌లో అలెన్ రోషెట్ చిల్లుల బంగారు రేకును దిగువ ముందు పళ్ళ వెనక అతికించాడు. 1982లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో లివాడిటిస్, థామ్సన్ లోహపు రెక్కను విద్యుత్తుతో గరుకు చేశారు. దాంతో మేరీలాండ్ బ్రిడ్జి పుట్టింది: కట్టుడు పన్నుకు రెండు పక్కలా సన్నని రెక్కలు, పళ్ళ వెనక అతుకు. అరగదీత నామమాత్రం.

అందరూ సంబరపడ్డారు. ఆ తర్వాత రెక్కలు ఊడడం మొదలైంది. ఇక్కడే వైద్యులు పప్పులో కాలేశారు. ఊడుతోందంటే పట్టు చాలలేదని లెక్కేసి, పంటిలో గాడులు కోశారు, రెక్కలు వెడల్పు చేశారు, కొందరు ఇంకా ఎక్కువ పళ్ళను కలిపారు. అరగదీత వద్దని మొదలైన పద్ధతి మళ్ళీ అరగదీత దారే పట్టింది.

అప్పట్లో జర్మనీ దంతవైద్యుడు మథియాస్ కెర్న్ లోహం బదులు అల్యూమినా పింగాణీతో రెండు రెక్కల బ్రిడ్జిలు పెడుతుండేవాడు. పింగాణీ వంగదు, విరుగుతుంది. కొన్ని బ్రిడ్జిల్లో ఒక పక్క రెక్క పుటుక్కున విరిగింది. కట్టుడు పన్ను ఊడిపోవాలి కదా? ఊడలేదు! మిగిలిన ఒక్క రెక్క మీదే ఏళ్ళ తరబడి నిలిచింది. ఎవరైనా విరిగినదాన్ని మరమ్మతు చేస్తారు. కెర్న్ ఆ రెండో రెక్క అవసరమేమిటని అడిగాడు. 1997లో ఒంటి రెక్క బ్రిడ్జిలను కొత్త చికిత్సగా ప్రకటించాడు. 2011 నాటికి పదేళ్ళ లెక్క తేలింది: రెండు రెక్కలవి 73.9 శాతం నిలిచాయి, ఒంటి రెక్కవి 94.4 శాతం. రెండు రెక్కల వాటిలో ఒక పక్క విరిగి వేలాడుతున్నవాటిని కూడా "నిలిచినట్టే" అని ఉదారంగా కలుపుకున్నా ఇంత తేడా. చూసిన బ్రిడ్జిలు నలభైకి లోపేనని సణిగేవాళ్ళు ఉన్నారు. సణగనివ్వండి, పళ్ళు కదిలే తీరు చూస్తే ఫలితం ఇలాగే ఉండాలి.

ఖోర్ ఫక్కాన్ వాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. పక్కపక్కన లంగరు వేసిన రెండు పడవల మీద ఒక పలకను పరిచి, రెండు కొసలా మేకులు కొట్టి చూడండి. ఒక అల ఈ పడవను లేపుతుంది, మరుక్షణం ఇంకో అల ఆ పడవను. ఎంత గట్టి మేకైనా రోజుకు వేలసార్లు లాగితే ఊడక తప్పదు. ఒక్క పడవకే కొట్టి, రెండో కొసను వదిలేస్తే పలక ఆ పడవతో పాటే లేస్తుంది, దిగుతుంది. పలకను పీకే బలమే పుట్టదు.

రెండు రెక్కల బ్రిడ్జికి ఇంకో దొంగ గుణం ఉంది. ఒక రెక్క ఊడినా రెండోది పట్టుకునే ఉంటుంది, మనకు తెలియదు. ఊడిన రెక్క వెనక తిండి చేరుతుంది, పన్ను చాటుగా పుచ్చుతుంది. ఒంటి రెక్క ఊడితే నేరుగా చేతిలోకే వస్తుంది, దాపరికం ఉండదు.

ఇదంతా విని దవడ పన్నుకు కూడా ఇలాగే కావాలని పట్టుబట్టకండి. వెనక నమిలే బలం చాలా ఎక్కువ. ఒక కొసే ఆధారమైన దూలం మీద భారం పడితే మోసే పన్ను మెలితిరుగుతుంది. దూలం వంగే లెక్క కూడా నిర్దయగా ఉంటుంది: పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు, మూడింతలైతే ఇరవై ఏడు రెట్లు. ఒంటి రెక్కకు అచ్చొచ్చిన చోటు ముందు పళ్ళు. పక్క పళ్ళకు ఇప్పటికే క్యాపులు ఉంటే అరగదీత గొడవ ఎలాగూ లేదు, పాత పద్ధతి బ్రిడ్జే నయం.

ఇంప్లాంట్ మాటేమిటంటారా? టైటానియం మరకు లిగమెంట్ ఉండదు, ఎముకకే అతుక్కుపోతుంది. అది మరో నెల కథ. పైగా ఎముక పట్టడానికి మామూలుగా నెలలు ఆగాలి. నెల సెలవులో ఊరొచ్చి పళ్ళ పనంతా చేయించుకుని విమానం ఎక్కే గల్ఫ్ తెలుగువాళ్ళకు అది కుదిరే బేరం కాదు. ఒంటి రెక్క రెండు మూడు సిట్టింగుల్లో అయిపోతుంది. అయినా అడిగితే తప్ప దీని పేరెత్తే క్లినిక్కులు తక్కువ. మూడు క్యాపుల బిల్లుకూ ఒక రెక్క బిల్లుకూ తేడా ఉందని నేను చెప్పాలా?

కాబట్టి పాఠకుడికి నా జవాబు ఇది. రెండు పక్క పళ్ళలో ఒకదాని వెనకైనా ఎనామెల్ చెక్కుచెదరకుండా ఉందా, కింది పళ్ళు రెక్కకు చోటు వదులుతున్నాయా, రాత్రుళ్ళు పళ్ళు నూరే అలవాటు ఉందా, ఈ మూడూ చూడమనండి. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే, జిర్కోనియా అనే పింగాణీతో ఒంటి రెక్క పెడతారా అని అడగండి. అతికించే రోజు ఉమ్మి తగలకుండా నోటికి రబ్బరు షీటు కట్టమనండి. తడి తగిలితే ఈ జిగురు పట్టదు. ఎప్పుడైనా ఊడిందా, ఇంట్లో ఫెవిక్విక్ పూయకండి. ముక్కను కడిగి చిన్న డబ్బాలో వేసుకుని వెళ్ళండి, విరగకపోతే అదే ముక్కను మళ్ళీ అతికిస్తారు.