పడవలో పూర్ణం

మా తమ్ముడు అమెరికా వెళ్లి ఇరవై ఏళ్లు దాటినా వాడికి గోదావరి పిచ్చి వదలలేదు. మేరీలాండు రాష్ట్రంలో, చెసపీక్ అఖాతానికి దగ్గరగా కాపురం. ఇల్లు కొన్నవాడు ఊరుకున్నాడా? 2022లో ఒక తెరచాప పడవ కూడా కొన్నాడు. ముప్ఫై అడుగుల పొడవు, 1978లో తయారైనది. “కారు ఖరీదులో సగం కూడా కాలేదు, అన్నయ్యా!” అని ఫోనులో పొంగిపోయాడు. అంత చవక ఎందుకో పైకెక్కి నడిచాక తెలిసింది. ముందు భాగాన అడుగు వేస్తే దూదిపరుపు మీద వేసినట్టు దిగబడేదట.

మరుసటి వేసవి సెలవుల్లో నేను వెళ్లేసరికి ఆ పడవ ఒడ్డున మరమ్మతుల ఆవరణలో ఇనుపకాళ్ల మీద నిలబడి ఉన్నది. ఆకులు రాలేలోగా పడవ షికారు తీసుకువెళతానని వాడు పదేళ్ల కొడుకుకు మాట ఇచ్చి ఉన్నాడు. మా మరదలు మాత్రం నన్ను చూడగానే, “బావగారూ, మీరైనా చెప్పండి. అది గట్టిపడేదాకా పిల్లవాణ్ణి దాని మీద కాలు పెట్టనివ్వను” అన్నది. ఆమె భయం వట్టి భయం కాదు. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే ఉక్కుతీగల పట్టీలు డెక్కులోంచే లోపలికి దిగుతాయి. ఆ కన్నాల గుండా జారిన నీరు లోపలి ప్లైవుడ్డు గోడను కూడా కుళ్లబెడితే, గాలివాటున స్తంభమే ఒరిగిపోవచ్చు.

“ఫైబర్ గ్లాసు పడవ కదురా, కుళ్లడమేమిటి?” అన్నాను.

వాడు నవ్వి, “ఇది బొబ్బట్టు అన్నయ్యా. పైనా కిందా రేకులు గాజుపీచువి. మధ్యన పూర్ణం ఉన్నది. కుళ్లింది పూర్ణం” అన్నాడు.

ఈ బొబ్బట్టు సంగతి పాఠకులకు కొంచెం విడమరచి చెప్పాలి. పలక దళసరిని రెట్టింపు చేస్తే దాని బిగువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. కాని మొత్తం గాజుపీచుతోనే దళసరి చేస్తే బరువు మోయలేము. అందుచేత రెండు పల్చని పొరలను అరంగుళం ఎడంగా నిలిపి, మధ్యను తేలికైన వస్తువుతో నింపుతారు. పైనుంచి మనిషి తొక్కినప్పుడు పైపొర నొక్కుకుంటుంది, కిందిపొర సాగుతుంది. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి జారిపోకుండా పట్టి ఉంచడమే పూర్ణం పని. పూర్ణం వదిలేసిందా, మిగిలేవి రెండు అప్పడాలు.

ఈ పడవలో పూర్ణం బాల్సా కర్ర. బాల్సా అంటే స్పానిష్ భాషలో ‘తెప్ప’ అని అర్థం! తెలుగు మేష్టరుని కనుక ఆ మాట తెలిశాక కాసేపు వేరే ధ్యాస లేకపోయింది. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ నుంచి ఎక్కువగా వస్తుంది. మన పత్తికీ బూరుగుకూ జ్ఞాతి. అయిదారేళ్లకే కోతకు వస్తుంది. టేకు ఘనపు మీటరు సుమారు 650 కిలోలు తూగితే ఇది 150 కిలోలు. 1947లో థార్ హెయర్డాల్ అయిదుగురు తోడుగా తొమ్మిది బాల్సా దుంగల తెప్ప కట్టి, పెరూ నుంచి పసిఫిక్ సముద్రం మీద 101 రోజులు ప్రయాణం చేశాడు. దుంగలు నీరు తాగి మునిగిపోతాయని చాలామంది జోస్యం చెప్పారు. రసం ఇంకని పచ్చిదుంగలు కావడంతో నీరు లోపలికి అంతగా దిగలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వారి మస్కిటో విమానం ఒళ్లు కూడా ప్లైవుడ్డు రేకుల మధ్య బాల్సా పూర్ణమే.

మన తీరాన తెప్పలవాళ్లను చూడండి. వేటనుంచి రాగానే దుంగలు విప్పి ఇసుకలో ఆరబెడతారు. తేలికకర్ర నీరు తాగుతుందని వారికి తెలుసు. తాగినదాన్ని ఎండకు ఇచ్చేస్తారు. బొబ్బట్టు పడవలో ఆ దారి లేదు. తాడు కట్టే కొక్కేనికి పూర్వం ఎవరో మేకు దించారు. మేకు చుట్టూ పూసిన బంక ఏళ్లు గడిచి పగిలింది. బొట్టుబొట్టుగా దిగిన నీరు రెండు పొరల మధ్య చిక్కి ఇక బయటికి రాలేదు. చలికాలంలో అదే గడ్డకట్టి ఉబ్బి, పొరలను విడదీస్తుంది.

తమ్ముడు చిన్న సుత్తి చేతికిచ్చి కొట్టి చూడమన్నాడు. గట్టి చోట ‘టక్’ మన్నది. కుళ్లిన చోట ‘దబ్’. కుమ్మరి దగ్గర కుండ బేరం చేసినట్టు డెక్కంతా వాయించి, సుద్దతో హద్దులు గీశాము. ముందు భాగంలో మూడోవంతు ‘దబ్’లోనే తేలింది.

పైపొర మందం మేరకే రంపపు చక్రాన్ని దించి, హద్దు వెంట కోసి ఎత్తాము. లోపల తడిసిన గడ్డివాము వాసన, గోధుమరంగు గుజ్జు. తాపీతో గీకి పారేసి, పంకాలు పెట్టి రోజుల తరబడి ఆరబెట్టాము.

ఇక కొత్త పూర్ణం ఏది పెట్టాలి? ఈ చర్చ మూడు రాత్రిళ్లు భోజనాల దగ్గర జరిగింది. ప్లైవుడ్డు బలమే కాని బరువు. పైగా దాని పొరల పీచు వెంట నీరు చాలా దూరం పాకుతుంది. తేనెపట్టు గదుల్లాంటి పలకలు పందెపు పడవల సరుకు, మాకు అక్కరలేదు. మిగిలినవి బాల్సా, ఫోము. “కుళ్లని ఫోము ఉండగా మళ్లీ కర్ర ఎందుకురా?” అన్నది నా వాదం.

“ఫోము కుళ్లదు, నిజమే. కాని నీరు దూరితే దాని అతుకూ ఊడుతుంది. ముదురురంగు డెక్కు ఎండకు కాగితే కొన్ని రకాలు మెత్తబడతాయి. మడమ ఒత్తిడికి బాల్సా అంత తట్టుకోవు. ఇన్నేళ్లకు చెడిందంటే తప్పు కర్రది కాదన్నయ్యా, మేకుది” అన్నాడు. బాల్సాను చెరుకుగడను చక్రాలుగా తరిగినట్టు తరిగి, పీచు నిలువుగా ఉండేటట్టు పేరుస్తారు. అందువల్ల నీరు పక్కలకు పాకడం నిదానమవుతుంది. వాడి మాటే నెగ్గింది. కన్నాలను కనిపెట్టి ఉండే ఓపికలేనివారికి మాత్రం ఇప్పటికీ నా సలహా ఫోమే.

ఎపాక్సీ కలపడం నా వంతు. ఒకనాడు ఆశకొద్దీ డబ్బా నిండా కలిపితే, పూసేలోపునే వేడెక్కి పొగలు కక్కింది. పక్కనే ఉన్న మరదలు మాట్లాడలేదు. చూసిన చూపు చాలు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా కలిపి, బాల్సా ముక్కలకు పట్టించి, కింద చిక్కని ముద్దగా పరచి, పేర్చి, ఇసుకసంచుల బరువు పెట్టాము. తీసిన పైపొరనే మళ్లీ అతికించి, అంచులను ఏటవాలుగా అరగదీసి గాజుగుడ్డ వేశాము. అసలు కీలకం మేకుల దగ్గర. ప్రతి కన్నాన్నీ కావలసినదానికంటే వెడల్పు చేసి, లోపలి కర్రను అంచునుంచి తొలిచి, ఎపాక్సీతో పూడ్చి, అది గట్టిపడ్డాక దాని నడుమ మళ్లీ తొలిచాము. ఇప్పుడు మేకుకు కర్ర తగలదు. లంగరుతాడు కట్టేచోట కర్రే పెట్టలేదు, అంతా గాజుపీచు. పట్టీల పక్కన ప్లైవుడ్డు గోడ పొడిచి చూస్తే గట్టిగానే ఉన్నది. ఆ సాయంత్రం తమ్ముడు ఒక్కడే రెండు కప్పుల కాఫీ తాగాడు.

సెలవులు అయిపోయి నేను తిరిగి వచ్చేసరికి రంగు ఇంకా వేయలేదు. అక్టోబరులో ఒక రాత్రి ఫోను మోగింది. “పెదనాన్నా, విను!” అని పిల్లవాడు సుత్తితో డెక్కు మీద కొట్టాడు. టక్. మరోచోట కొట్టాడు. టక్. “అమ్మ చేతే ముందు వాయించింది, తర్వాతే నన్ను ఎక్కనిచ్చింది” అన్నాడు.