హోషంగాబాద్ విజ్ఞానశాస్త్ర కార్యక్రమంలో ఉపాధ్యాయ శిక్షణ

హోషంగాబాద్ విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం మధ్యప్రదేశ్‌లోని ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలలో 1972 నుండి 2002 వరకు నడచిన విద్యా ప్రయోగం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు విజ్ఞానశాస్త్రాన్ని వల్లె వేయక, తమ చేతులతో ప్రయోగాలు చేసి తామే కనుగొని నేర్చుకోవాలన్నది దీని ఉద్దేశం. నేడు ఆవిష్కరణ విద్య అని పిలువబడుతున్న పద్ధతికి ఇది చాలా దగ్గరి బంధువు. పిల్లలకంటే ముందుగా ఉపాధ్యాయుడు ఈ అనుభవం పొందాలని భావించి, శిక్షణకు అసాధారణమైన ప్రాధాన్యం ఇవ్వడం వలన దీనికి దేశవ్యాప్త గుర్తింపు లభించింది. హోషంగాబాద్ నర్మదా నది ఒడ్డున ఉన్న పట్టణం. 2022లో దీని పేరు నర్మదాపురంగా మార్చబడింది.

నేపథ్యం

ముంబైలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో శాస్త్రవేత్తగా పనిచేసిన అనిల్ సద్గోపాల్ ఆ ఉద్యోగం వదలి, హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి అనే స్వచ్ఛంద సంస్థను నెలకొల్పాడు. ఈ సంస్థ, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలసి రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో 1972లో 16 పాఠశాలలలో ఈ కార్యక్రమాన్ని ప్రారంభించాయి. 1973 నుండి ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు ఇందులో పాలుపంచుకున్నారు. 1978లో ఇది జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తరువాతి బాధ్యతలు వహించింది. ముగిసేనాటికి కార్యక్రమం పదికి పైగా జిల్లాలలో, సుమారు వేయి పాఠశాలలలో అమలులో ఉండేది.

పిల్లల కొరకు తయారు చేసిన పుస్తకం పేరు "బాల్ వైజ్ఞానిక్". ఇందులో ప్రయోగం చేసే విధానం, ప్రశ్నలు ఉంటాయి గానీ జవాబులు ఉండవు. కావున ఇది ఉపాధ్యాయునికి ఆసరా కాకపోగా ఒక పరీక్షగా ఉండేది. తాను స్వయంగా ప్రయోగం చేయని ఉపాధ్యాయుడు ఈ పుస్తకంతో ఒక్క పీరియడు కూడా గడపలేడు.

మూడు వారాల శిబిరం

ప్రతి వేసవిలో మూడు వారాల శిక్షణ శిబిరం జరిగేది. ఒక్కొక్క తరగతి పాఠ్యాంశాలకు ఒక్కొక్క శిబిరం చొప్పున మూడు తరగతులకు మూడు శిబిరాలు పూర్తి చేయవలసి ఉండేది. విశ్వవిద్యాలయాల నుండి, పరిశోధనా సంస్థల నుండి వచ్చిన అధ్యాపకులు, అనుభవం గడించిన పాఠశాల ఉపాధ్యాయులు కలసి వీటిని నిర్వహించేవారు.

శిబిరంలో ఉపన్యాసాలు తక్కువ. ఉపాధ్యాయులు తమ బడిలో పిల్లలు కూర్చునే విధంగానే నలుగురేసి జట్లుగా కూర్చుని, పాఠంలోని ప్రయోగాలన్నీ చేయవలసిందే. దూరాలను కొలిచే పాఠాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒకే బల్ల పొడవును నలుగురు కొలిస్తే నాలుగు రకాల ఫలితాలు వస్తాయి. వీటిలో ఒకటి ఒప్పు, తక్కినవి తప్పు అని తేల్చడం బడిలో అలవాటు. శిబిరంలో అన్ని జట్ల అంకెలను నల్లబల్లపై వ్రాసి, ఈ తేడా ఎందుకు వచ్చినదో చర్చించేవారు. స్కేలు అంచు అరిగిపోయిందా, కన్ను పక్కకు ఒరిగిందా, లేక ఏ కొలతలోనైనా కొంత హెచ్చుతగ్గు తప్పదా అని వాదోపవాదాలు సాగేవి. హెచ్చుతగ్గు అనే భావన బాల్ వైజ్ఞానిక్ పుస్తకంలో ముఖ్యమైన అంశం.

శిక్షకులు జవాబు చెప్పడానికి తొందరపడేవారు కారు. ప్రశ్నకు మరొక ప్రశ్న వేసి, మళ్ళీ చేసి చూడమనేవారు. ఏళ్ళ తరబడి జవాబు చెప్పడమే వృత్తిధర్మంగా పాటించిన వారికి ఇది కొరుకుడుపడే విషయం కాదు. తరగతిలో పిల్లవాడు ఊహించని ప్రశ్న వేసినప్పుడు "నాకు తెలియదు, చేసి చూద్దాం" అనగలగడం ఈ శిక్షణలో అన్నిటికంటే కఠినమైన పాఠమని చెప్పవచ్చు. విశ్వవిద్యాలయ ఆచార్యుడు తమ ఎదుటే ఆ మాట అనడం చూసిన తరువాత పల్లెటూరి ఉపాధ్యాయునికి అది చిన్నతనంగా తోచదు.

ఉపాధ్యాయులు లేవనెత్తిన అభ్యంతరాలు శిబిరంతో ముగిసిపోయేవి కావు. పని చేయని ప్రయోగాలు, అర్థం కాని వాక్యాలు గుర్తింపబడి, వాటి ఆధారంగా పుస్తకం పలుమార్లు సవరింపబడింది. ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకాన్ని అందుకొనేవాడే గాక దానిని దిద్దేవాడు కూడా కావడం మన దేశంలో అరుదు.

తుమ్మముల్లు, వాల్వు ట్యూబు

ప్రయోగ సామగ్రి పెట్టెను ప్రభుత్వమే పాఠశాలలకు సమకూర్చేది. అయితే పెట్టెలోని వస్తువులు పగిలినా, అయిపోయినా పాఠం ఆగకుండా ఉండాలంటే ఊరిలో దొరికే వస్తువులతో పని జరుపుకొనే నేర్పు ఉపాధ్యాయునికి ఉండాలి. పూలను విడదీసి చూడటానికి సూదులకు బదులు తుమ్మముళ్ళు వాడేవారు. ఖాళీ ఇంజెక్షను సీసాలు పరీక్షనాళికల పని చేసేవి.

ఈ వాతావరణంలో పుట్టినదే అగ్గిపుల్లల నమూనాల పద్ధతి. కాన్పూరు ఐఐటీలో చదివి, పూణేలోని టెల్కో కర్మాగారంలో ఇంజనీరుగా ఉన్న అరవింద్ గుప్తా 1978లో ఒక సంవత్సరం సెలవు తీసుకొని, అందులో ఆరు నెలలు ఈ కార్యక్రమంలో గడిపాడు. సైకిలు వాల్వు ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, మందు గీకివేసిన అగ్గిపుల్లలను వాటి రెండు కొసలలో దూర్చితే కీలు వంటి అతుకు ఏర్పడుతుంది. ట్యూబు ముక్కను తుమ్మముల్లుతో గుచ్చి మూడవ పుల్లను కూడా జోడించవచ్చు. ఇలా చేసిన చతురస్రం వేలితో నెడితే పక్కకు వాలిపోతుంది, త్రిభుజం కదలదు. ఇంటి పైకప్పు దూలాలలో, వంతెనలలో త్రిభుజాలు ఎందుకు కనిపిస్తాయో పిల్లవాడు తన వేళ్ళతో తెలుసుకుంటాడు. అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆయన పుస్తకాలు కొన్ని తెలుగులో కూడా వెలువడ్డాయి.

నెలసరి సమావేశాలు

వేసవిలో నేర్చినది దసరా సెలవుల నాటికి మరపునకు రావడం ఏ శిక్షణకైనా ఉన్న బలహీనతే. దీనికి విరుగుడుగా ఒక ప్రాంతంలోని ఉపాధ్యాయులు నెలకు ఒకసారి "సంగమ్ కేంద్రం" అనబడే పాఠశాలలో సమావేశమయ్యేవారు. ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉపాధ్యాయులకు పరిచితమైన స్కూలు కాంప్లెక్సు సమావేశం వంటిదే. గడచిన నెలలో ఏ ప్రయోగం చెడిపోయినది, పిల్లలు ఏమి అడిగారు, రాబోయే పాఠానికి ఏమి సేకరించాలి అన్నవి ఇక్కడ చర్చింపబడేవి. ఇవి కాక అనుభవజ్ఞులు పాఠశాలలకు వెళ్ళి తరగతులు చూసి సలహాలిచ్చేవారు. ఇందుకొరకు ఎన్నికైన ఉపాధ్యాయులే క్రమంగా శిక్షకులుగా ఎదిగారు.

పిల్లలు తమ సందేహాలను "సవాలీరామ్" అనే కల్పిత వ్యక్తికి ఉత్తరాలుగా వ్రాసేవారు. హిందీలో సవాల్ అంటే ప్రశ్న.

పరీక్షా విధానం

వ్రాత పరీక్షకు పుస్తకం తెచ్చుకొని చూసి వ్రాయవచ్చు. దీనితో పాటు ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. జ్ఞాపకశక్తిని కొలిచే ప్రశ్నలకు ఇందులో తావు లేనందున, ప్రశ్నపత్రం తయారు చేయడం కూడా ఉపాధ్యాయ శిక్షణలో భాగమైంది.

విమర్శలు, నిలిపివేత

ఈ పద్ధతిలో సమాచారం తక్కువగా అందుతుందని, ఎనిమిదవ తరగతి వరకు ఇలా చదివిన పిల్లలు తొమ్మిదవ తరగతిలోని మామూలు పుస్తకాలను అందుకోలేక వెనుకబడతారని విమర్శలు వచ్చాయి. ఈ విమర్శను పూర్తిగా తోసిపుచ్చడానికి వీలులేదు. మూడేళ్ళు ఒక విధంగా, ఆపై మరొక విధంగా చదువవలసి రావడం పిల్లలకు నిజమైన ఇబ్బందే. అయితే ఆ లోపం కింది తరగతులదా, పై తరగతులదా అన్నది వేరే ప్రశ్న. శిక్షణ పొందినవారు బదిలీపై వెళ్ళిపోతే ఆ పాఠశాల మళ్ళీ మొదటికి వచ్చేది.

2002లో రాష్ట్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని నిలిపివేసింది. ఉపాధ్యాయులు, శాస్త్రవేత్తలు నిరసన తెలిపినప్పటికీ నిర్ణయం మారలేదు. పాఠశాలలలో సాధారణ పాఠ్యపుస్తకాలు ప్రవేశపెట్టబడ్డాయి.

తరువాతి కాలం

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం, పిల్లలు స్వయంగా చేసి నేర్చుకోవాలన్న అభిప్రాయాన్ని దేశమంతటికీ వర్తించేలా ప్రకటించింది. 2016లో ప్రారంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద, ఆరు నుండి పన్నెండు తరగతుల పిల్లల కొరకు పాఠశాలలలో అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు నెలకొల్పబడ్డాయి. వీటిలో ఒక్కొక్కదానికి 20 లక్షల రూపాయల వరకు సహాయం మంజూరు చేసే ఏర్పాటు ఉండగా, ప్రయోగశాలకు ఒక ఉపాధ్యాయుడు బాధ్యుడుగా ఉంటాడు. త్రీడీ ప్రింటరు ముందు నిలబడిన ఆ ఉపాధ్యాయునికి ఎదురయ్యే చిక్కు, తుమ్మముల్లు పట్టుకున్న హోషంగాబాద్ ఉపాధ్యాయుని చిక్కు వంటిదే. పిల్లవాడు తలపెట్టిన వస్తువు ఎలా పని చేస్తుందో అతనికి కూడా ముందుగా తెలియదు.

ముప్పది సంవత్సరాల కార్యక్రమ చరిత్రను సుశీల్ జోషి "జష్న్-ఎ-తాలీమ్" అనే హిందీ గ్రంథంగా రచించగా ఏకలవ్య ప్రచురించింది. దీనికి ఆంగ్లానువాదం కూడా ఉన్నది.